అంగడి క్రింద గీచిన ఎర్ర గీత



ఈసారి నేను చేసిన తప్పు ఒకటి మీ ముందు ఉంచదలచాను. ఇది పాఠ్యపుస్తకంలోని తప్పు కాదు, ప్రభుత్వానిదీ కాదు. నా చేతిలోని ఎర్ర కలం చేసిన తప్పు. తిరుత్తణి, పల్లిపట్టు ప్రాంతాల్లో తెలుగు చెప్పే మీలో కొందరైనా ఇదే తప్పు చేసి ఉంటారని నా అనుమానం. అందుకే వ్రాస్తున్నాను.

మూడవ తరగతి పిల్లలకు "మా ఇల్లు" అనే విషయం ఇచ్చి ఎనిమిది వాక్యాలు వ్రాయమన్నాను. ఒక పాప ఇట్లా వ్రాసింది: "మా తాత అంగడి పెట్టినాడు. అంగట్లో ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉర్లగడ్డలు, చెనిక్కాయలు ఉంటాయి. సాయంత్రం నేను వాకిలి మూసి అంగడికి పోతాను." చక్కని వాక్యాలు. ఒత్తులు సరిగ్గా ఉన్నాయి, క్రియలు సరిగ్గా ఉన్నాయి. అయినా నేను 'అంగడి' క్రింద గీత గీచి 'దుకాణం' అని వ్రాశాను. ఎర్రగడ్డను ఉల్లిపాయగాను, తెల్లగడ్డను వెల్లుల్లిగాను, ఉర్లగడ్డను బంగాళాదుంపగాను, చెనిక్కాయను వేరుశనగగాను, వాకిలిని తలుపుగాను దిద్దాను. పేజీ అంతా ఎర్రబడింది.

'అంగడి'ని ఎందుకు కొట్టివేశానంటే, మా పట్టణంలో పెద్ద కొట్ల పైన తమిళంలో 'పల్పొరుళ్ అంగాడి' అని బోర్డులు ఉంటాయి. రోజూ ఆ బోర్డులు చూసే నాకు అంగడి అనేది తమిళపు మాట అనీ, పాప తెలుగులో తమిళం కలుపుతోందనీ తోచింది. నిఘంటువు తీసి చూడాలని కూడా అనిపించలేదు.

తరువాతి వారం నుంచి ఆ పాప సొంత వాక్యం వ్రాయడం మానివేసింది. ఏది వ్రాయమన్నా పుస్తకంలోని వాక్యాలను చూచి వ్రాసేది. నోటితో అడిగితే తమిళంలో జవాబు చెప్పేది. నేను దానిని శ్రద్ధ లేకపోవడం అనుకున్నాను. ఒకనాడు పాప అవ్వ బడికి వచ్చింది. వరండాలో నిలబడి ఆమె అన్న మాటలు ఇవి:

"అయివారూ, మా పాప ఇంట్లో కూడా తెలుగు మాట్లాడను అంటా ఉండాది. మనది తప్పు తెలుగంట. తమిళం పిల్లోళ్ళ తావ కూర్చోపెట్టమంటా ఉండాది. అంగట్లో అన్నీ ఉండాయి, అల్లుని నోట్లో శని ఉండాదని మాయమ్మ చెప్తా ఉండె. ఆ అంగడి కూడా తప్పేనా?"

ఆ సామెత తెలియని తెలుగువాడు ఉన్నాడా? శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా అందరూ ఆ సామెతను అంగడితోనే చెబుతారు. ఇంటికి వెళ్ళి బ్రౌను నిఘంటువు తెరిచాను. 1852 నాటి ఆ పుస్తకంలో 'అంగడి' నిక్షేపంగా ఉన్నది. చదువురాని ఆ అవ్వకు తెలిసిన సంగతి, ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్న నాకు తట్టలేదు.

ఇక రెండవ సంగతి. దీనికీ దానికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు, కొంచెం ఓపిక పట్టండి. నా వద్ద చదువుకున్న ఒక అబ్బాయి ఇప్పుడు టాంజానియా దేశంలో దారుస్సలాం నగరంలో ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు. అక్కడ వాడుక భాష స్వాహిలీ. అతడు నేర్చుకున్న మాటలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకుని, ఆ పేజీలను ఫోటోలు తీసి నాకు పంపాడు. "సార్, చిన్నప్పుడు మీరు పదాలు–అర్థాలు వ్రాయించేవారు కదా, ఆ పద్ధతిలోనే నేర్చుకుంటున్నాను" అన్నాడు. తిరువళ్ళూరులో సమావేశానికి పోతూ రైలులో ఆ పేజీలు చదివాను. మొదటి పేజీలోనే ఇట్లా ఉన్నది: 'దుకా – షాపు – అంగడి.'

దుకా! మన దుకాణమే అది. అరబ్బీలో 'దుక్కాన్' అనే మాట పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగుకు వచ్చి దుకాణం అయింది. అదే మాట హిందూ మహాసముద్రం ఆవలి గట్టున దుకా అయింది. తూర్పు ఆఫ్రికా ఊళ్ళలో చిల్లర కొట్లు పెట్టిన గుజరాతీ వర్తకులను 'దుకావాలా'లు అనేవారు. అంటే, పాప వ్రాసిన అసలైన పాత తెలుగు మాటను పరభాషా పదమని కొట్టివేసి, దాని స్థానంలో అరబ్బీ నుంచి వచ్చిన మాటను శుద్ధమైన తెలుగుగా నేను వ్రాశాను. దుకాణం మంచి మాట కాదని నేను అనడం లేదు. తెలంగాణలో అది ఇంటి మాట. కోస్తాలో కొట్టు ఇంటి మాట. మా తిరుత్తణిలో అంగడి ఇంటి మాట. మూడూ తెలుగే. ఒకదానిని నిలబెట్టడానికి మరొకదానిని కొట్టివేయనక్కరలేదు.

ఆ అబ్బాయి జాబితాలో ఇటువంటి చుట్టాలు ఇంకా కనిపించారు. స్వాహిలీలో డబ్బును 'పేసా' అంటారు, మన పైసా. పుస్తకం 'కితాబు', వ్రాసే కలము 'కలాము', రంగు 'రంగి', భీమా 'బీమా'. మందు 'దావా'. తెలంగాణ వారి దవాఖానాలో ఉన్నది ఆ దవాయే. వార్తను 'హబారి' అంటారు. అది అరబ్బీ ఖబర్, మన కబురు. అక్కడివారు ఎదురుపడినప్పుడు 'హబారి గాని?' అని పలకరిస్తారట. మనం "ఏమి కబుర్లు?" అన్నట్లే. బల్లను 'మేజా' అంటారు. పోర్చుగీసువారు తూర్పు ఆఫ్రికాలో దిగబెట్టిన మాట అది. వారే మన తీరానికీ తెచ్చారు. అందుకే తమిళులు 'మేశై' అంటారు, మనలో పెద్దలు మేజా అంటారు. బడిని 'షూలె' అంటారు. అది జర్మనుల మాట. టాంజానియా ప్రధాన భూభాగం మొదటి ప్రపంచయుద్ధం వరకు జర్మనుల ఏలుబడిలో ఉండినది.

ఇన్ని భాషల మాటలు కలిసినందుకు స్వాహిలీని ఎవరూ తప్పు భాష అనలేదు. టాంజానియాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఆ భాషలోనే నడుస్తాయి. కెన్యా 2010 రాజ్యాంగంలో దానికి జాతీయభాష స్థానం ఇచ్చింది. యునెస్కో 2021లో జులై 7వ తేదీని ప్రపంచ స్వాహిలీ భాషాదినంగా నిర్ణయించింది. ఏ భాష అయినా పరభాషా పదాన్ని తెచ్చుకుని తన వ్యాకరణంలో కూర్చోబెట్టుకుంటుంది. కితాబు అరబ్బీ మాట. కానీ స్వాహిలీలో కొన్ని మాటలకు ఏకవచనంలో ముందు 'కి', బహువచనంలో 'వి' వస్తాయి. అందుచేత ఒక పుస్తకం కితాబు, పది పుస్తకాలు 'వితాబు' అయినాయి! మనం బస్సును బస్సులు చేసుకోలేదా? మా పిల్లలు తమిళపు 'రొంబ' తెచ్చి "రొంబ బాగుండాది" అంటే, ఆ వాక్యానికి వెన్నెముక తెలుగు క్రియే. దానిని చూడక రొంబను మాత్రమే చూడడం మన దృష్టిదోషం.

అయితే ఒక హెచ్చరిక కూడా చేయాలి. పోలిక కనిపించిన ప్రతి మాటా చుట్టం కాదు. స్వాహిలీలో సింహాన్ని 'సింబా' అంటారు. మన సింహానికి తోబుట్టువు అనిపిస్తుంది. కానీ అది బంటూ భాషల సొంత మాట. సంస్కృతంతో దానికి పొత్తు లేదు. 'గారి' అంటే బండి. హిందీ గాడీ నుంచి వచ్చింది. మన 'అయ్యవారి గారి' వేరు. నేను అంగడి విషయంలో చేసినదీ ఇటువంటి తొందరపాటే. తమిళపు అంగాడిని చూచి, పోలిక ఉన్నది కనుక ఇది అప్పు అని నిర్ణయించాను. తెలుగు, తమిళం ఒకే ఇంట పుట్టిన భాషలు. అక్కచెల్లెళ్ళకు ముఖం పోలిక ఉంటే ఒకరు మరొకరి నగ దొంగిలించినట్లు కాదు కదా.

ఇప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి చెబుతాను. ఆ అబ్బాయి మొదట రెండు నిలువు గళ్ళు గీచుకున్నాడు. ఒకదానిలో స్వాహిలీ మాట, రెండవదానిలో ఇంగ్లీషు అర్థం. ఆ జాబితాతో మూడుసార్లు బోల్తా పడ్డాడు.

మొదటిది: 'సా' అంటే గంట, 'తాతు' అంటే మూడు. ఉదయం 'సా తాతు'కు రమ్మని ఒకరు చెబితే, ఉదయం అన్నది పొరపాటున అన్నారని మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాడు. వారు రమ్మన్నది తొమ్మిదింటికి. స్వాహిలీలో గంటల లెక్క తెల్లవారి ఆరు నుంచి మొదలవుతుంది. మన ఏడు వారికి ఒకటి. ఇంగ్లీషు అర్థంతో చిక్కు పడిన ఈ సంగతి, సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కించే మన పంచాంగం తెలిసినవారికి వెంటనే బోధపడుతుంది.

రెండవది: 'పోలే' అనే మాటకు 'సారీ' అని అర్థం వ్రాసుకున్నాడు. ఒకనాడు యంత్రం మూత పడి చేయి నలిగితే తోటివారందరూ వచ్చి "పోలే సానా" అన్నారు. "వీరేమీ చేయలేదే, నన్ను క్షమాపణ ఎందుకు అడుగుతున్నారు?" అని తెల్లబోయాడు. తరువాత తెలిసింది, పోలే అంటే "అయ్యో పాపం" అని. తప్పు చేసినప్పుడు అనే మాట వేరే ఉన్నది, 'సమహాని'. ఇంగ్లీషులో రెంటికీ సారీ సరిపోతుంది. తెలుగులో సరిపోదు, స్వాహిలీలోనూ సరిపోదు.

మూడవది: 'షికమో' అనే మాటకు 'హలో' అని వ్రాసుకుని తనకంటె చిన్నవాడిని అట్లా పలకరించాడు. అందరూ నవ్వారట. అది పెద్దలకు మాత్రమే చేసే వందనం. మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దానికి అర్థం చెబుతారు. పెద్దలు 'మరహబా' అని బదులు పలకాలి. "మన దండాలు లాంటిది సార్, హలో అని ఎందుకు వ్రాసుకున్నానో!" అని అతడే నవ్వుకున్నాడు.

ఆ తరువాత అతడు మూడవ గడి గీచుకున్నాడు. దాని పైన "ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారు" అని తెలుగులో వ్రాశాడు. అక్కడి నుంచి నేర్చుకోవడం సులువైందట. మేనమామకు 'మ్జోంబా' అని, మేనత్తకు 'షాంగాజి' అని వేరు వేరు మాటలు ఉన్నాయని తెలిసినప్పుడు అతనికి ఎంతో సంతోషం కలిగిందట. అంకుల్, ఆంటీ అనే అర్థాలలో ఆ మేనరికం దాగిపోయింది.

రైలులో ఆ మూడవ గడి చూస్తుంటే నాకు సిగ్గు వేసింది. ఇరవై ఏళ్ళుగా నేను పిల్లలచేత వ్రాయించిన పదాల పట్టికలలో మూడవ గడి లేనేలేదు. ఈ మధ్య అయితే తల్లిదండ్రులు అడుగుతున్నారని తెలుగు మాటకు ఇంగ్లీషు అర్థం పెట్టి సరిపుచ్చుతున్నాను. సొంత భాషను ఇంగ్లీషు అద్దంలో చూపిస్తున్నాను. పరాయి దేశంలో పరాయి భాష నేర్చుకుంటున్న అతడు తెలుగును ఆసరా చేసుకున్నాడు. ఇంటిలో తెలుగు ఉన్న పాపకు ఆ ఆసరాను నేను కొట్టివేశాను.

మన ఊరి సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణి తాలూకా, పటాస్కర్ సిఫారసుల మీద 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రంలో చేరింది. అప్పుడే సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వెళ్ళింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో భాగమైంది. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం, 1956లో చేర్చినది, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించమంటుంది. 2006లో చేసిన చట్టం ప్రకారం 2006–07లో ఒకటవ తరగతితో మొదలుకొని తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవద్దని ఎవరంటారు? మన పిల్లలు బ్రతికేది ఇక్కడే. వారికి తమిళం బాగా రావాలి. ఇంగ్లీషు కూడా రావాలి. కానీ ఈ రెంటి మధ్య తెలుగుకు మిగిలేది రోజుకు కొన్ని నిమిషాలు. ఆ కొన్ని నిమిషాలూ పాప ఇంటి మాట తప్పని చెప్పడానికి వాడుకుంటే, తెలుగును తీసివేయడానికి ఇంకొకరు రానక్కరలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో తెచ్చారు. ఏ జిల్లాలో రైతు ఏ పనిముట్టును ఏమంటాడో సేకరించిన మహత్తర గ్రంథం అది. ఆ పుస్తకం వెలువడేనాటికి తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లో లేదు. మన కయ్య, మన గెనిమ, మన 'బిన్నే రా' వంటి మాటలను సేకరించవలసిన బాధ్యత ఇప్పుడు మనదే. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారు, నిఘంటువు కూర్చారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషాదినంగా జరుపుకుంటాం. పరాయివారి ఇంటి మాటకు ఆయన ఇచ్చిన గౌరవాన్ని మన పిల్లల ఇంటి మాటకు మనం ఇవ్వలేమా?

ఇక నేను చేసినది చెబుతాను. సోమవారం తరగతిలో ఆ పాప నోటుపుస్తకం తెప్పించి, అంగడి క్రింద గీచిన గీత పక్కన "ఇది సరైన మాట. అయ్యవారు పొరపాటు పడినారు" అని వ్రాసి సంతకం చేశాను. అందరికీ చదివి వినిపించాను. పిల్లలు నివ్వెరపోయారు. తరువాత నల్లబల్ల మీద ఐదు గళ్ళు గీచాను: ఇంటి మాట, పుస్తకం మాట, తమిళం మాట, ఇంగ్లీషు మాట, ఒక వాక్యం. ఐదవ గడిలో వాక్యం ఇంటిలో ఎవరైనా నిజంగా అన్నదై ఉండాలి. ఎవరు అన్నారో కూడా చెప్పాలి. ఇది నియమం.

మొదటి వరుసలో అంగడి, దుకాణం, కడై, షాపు. రెండవ వరుసలో ఎర్రగడ్డ, ఉల్లిపాయ, వెంగాయం, ఆనియన్. పరీక్షలో పుస్తకం మాట అడుగుతారు కనుక దానిని వదలలేదు. తప్పు–ఒప్పు అనే రెండు పేర్లు మాత్రం తీసివేసి, 'ఇంట్లో', 'పుస్తకంలో' అనే పేర్లు పెట్టాను. 'వాకిలి' దగ్గర మంచి చర్చ జరిగింది. మా వైపు వాకిలి అంటే తలుపు, కోస్తాలో ఇంటి ముందరి జాగా. ఒకే మాటకు రెండు ఊళ్ళలో రెండు అర్థాలు ఉండవచ్చునని పిల్లలు ఇట్టే గ్రహించారు. చివర స్వాహిలీ దుకా కూడా వ్రాసి కథ చెప్పాను. ఆఫ్రికాలో కూడా మన చుట్టం ఉన్నదని వారికి గొప్ప ఆనందం.

పాప ఆనాడు ఏమీ మాట్లాడలేదు. మరునాడూ లేదు. ఒకసారి మూసిన నోరు ఒక సంతకంతో తెరుచుకోదు. మూడవ వారంలో ఐదవ గడిలో ఒక వాక్యం వ్రాసి తెచ్చింది: "'బిన్నే తిను, బడికి పొద్దు పోతా ఉండాది' – మా అవ్వ." గీత గీయలేదు. పెద్ద అక్షరాలతో బల్ల మీదకు ఎక్కించాను. ఇప్పటికీ నాతో సగం జవాబులు తమిళంలోనే చెబుతుంది. ఇంట్లో అవ్వతో మాత్రం తెలుగు మళ్ళీ మాట్లాడుతోందట. నాకు అది చాలు.

ఒక తండ్రి అడిగారు, "సార్, ఈ మాటలు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?" అని. న్యాయమైన ప్రశ్న. ఆయనకు దారుస్సలాం అబ్బాయి నోటుపుస్తకం చూపించాను. ఉద్యోగం అతనికి చదువు వలన వచ్చింది. కానీ కొత్త దేశంలో ఒక మాటను ఎవరితో ఎప్పుడు అనాలో పట్టుకునే నేర్పు, దండానికీ హలోకూ తేడా తెలిసిన ఇంటిలో పెరగడం వలన వచ్చింది.

మా తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1962లో రాష్ట్రపతి అయినారు. అదే ఏడు డిసెంబరులో టాంగన్యీకాకు జూలియస్ న్యెరేరే అధ్యక్షుడైనారు. ఆయన కూడా బడిపంతులే. ప్రజలు ఆయనను 'మ్వాలీము', అంటే అయ్యవారూ, అని పిలిచేవారు. స్వాహిలీ ఆయన మాతృభాష కాదు, ఆయనది జనాకీ. అయినా షేక్స్‌పియర్ నాటకాలను రెండింటిని స్వాహిలీలోకి అనువదించారు. ఇంటి భాష, వీధి భాష, లోకపు భాష ఒకే మనిషిలో ఇమడగలవని చెప్పడానికి ఇంతకంటె ఏమి కావాలి?

తల్లిదండ్రులకు నా మనవి: పిల్లలు ఒక మాట అన్నప్పుడు "దీనికి ఇంగ్లీషులో ఏమిటి?" అని అడగడానికి ముందు, "ఇది మీ అవ్వ ఎప్పుడు అంటుంది?" అని అడగండి. ఉపాధ్యాయులకు నా మనవి: ఎర్ర కలం తీసేముందు నిఘంటువు తీయండి. నిఘంటువులో లేకపోతే వరండాలో నిలబడిన అవ్వను అడగండి. మీ ఊళ్ళో అంగడిని ఏమంటారో, ఎర్రగడ్డను ఏమంటారో, ఏ వాక్యంలో అంటారో వ్రాసి పంపితే మా పిల్లల పట్టికలో మీ ఊరి పేరుతో చేరుస్తాను.

సెలవు.